ఫ్రీజర్‌లో గడ్డకట్టని నీళ్లు, పైన మబ్బులో నీళ్లు: రెండూ ఒకటేనా?

గుంతకల్లు షాపు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు. బస్టాండు దగ్గర చిన్న కూల్‌డ్రింక్ షాపు నడుపుతాను. సైన్సు టెన్త్‌తోనే వదిలేశాను కాబట్టి కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

మే నెలలో మాకు బేరం ఎక్కువ. డీప్ ఫ్రీజర్ నాబ్ ఆఖరుదాకా తిప్పి, అరలీటరు వాటర్ బాటిళ్లు రాత్రికి పడుకోబెట్టి ఇంటికి పోతాను. పొద్దున తీస్తే కొన్ని పూర్తిగా గడ్డకట్టి ఉంటాయి, కొన్ని మాత్రం నీళ్లుగానే ఉంటాయి. పెట్టె ఒకటే, కంపెనీ ఒకటే. మొన్న ఒక లారీ డ్రైవరు నీళ్లుగా ఉన్న బాటిల్ తీసుకున్నాడు. మూత బిగుసుకుపోయి ఉంటే కౌంటర్ అంచుకేసి టక్కున కొట్టాడు. మూత కింద తెల్లగా ఒక చుక్క పుట్టింది. అక్కణ్ణుంచి సన్నటి పలుకులు కిందికి పాకుతూ పోయి, మేమిద్దరం చూస్తుండగానే బాటిలంతా తెల్లబడింది. "ఏందమ్మా ఇది, నీళ్లలో ఏం కలిపినారు?" అని బాటిల్ అక్కడే పెట్టేసి పోయాడు. నేను నొక్కి చూస్తే గట్టిగా లేదు, లేత ముంజ మాదిరి మెత్తగా ఉంది.

మా పాప ఇంటర్ ఎంపీసీ. "అమ్మా, దాన్ని సూపర్ కూల్డ్ వాటర్ అంటారు, పైన మబ్బుల్లో కూడా ఇట్లే ఉంటుంది, మైనస్ 20లో కూడా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి" అంటోంది. సున్నాలో గడ్డకట్టాలని కదా మనం చదువుకున్నది? పైగా ఇక్కడ 42 డిగ్రీల ఎండ కాస్తుంటే నెత్తిమీద మైనస్ 20 ఎక్కడిది? ఇంకోటి కూడా అడగాలి. మా చిన్నప్పుడు మన జిల్లాలో వాన కురిపించడానికి మేఘమథనం అని విమానాలు తిప్పేవాళ్లు. ఆ విమానం చేసేది ఆ డ్రైవరు చేసిన పనేనా? మబ్బును ఒక దెబ్బ కొట్టి గడ్డకట్టించడమా?

వజ్రకరూరు కుర్రోడు

అక్కా, అది ఆర్‌ఓ నీళ్ల మహిమ. మినరల్స్ అన్నీ తీసేస్తారు కదా, అందుకే గడ్డకట్టదు. బోరు నీళ్లు పెట్టి చూడు, వెంటనే కడుతుంది. ఆ డ్రైవరుకు ఇంకో బాటిల్ ఇచ్చి ఉంటే పోయేది.

రిటైర్డ్ ఫిట్టర్, ప్రొద్దుటూరు

చెల్లెమ్మా, నీ నీళ్లలో కల్తీ ఏమీ లేదు. తమ్ముడు చెప్పినదాంట్లో కొంత నిజముంది గానీ కారణం మినరల్స్ కాదు. తాగే నీళ్లలో కరిగి ఉండే లవణం గడ్డకట్టే ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతు కూడా మార్చదు. ఆర్‌ఓలో వడగట్టేటప్పుడు కంటికి కనపడని దుమ్ము, మట్టి రేణువులు కూడా పోతాయి చూడు, అసలు సంగతి అక్కడుంది.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ నీళ్ల గురించి పుస్తకంలో చదివింది తక్కువ, విమానం రెక్కల మీద చూసింది ఎక్కువ. అందుకే నాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను.

ముందు ఆ సున్నా డిగ్రీల సంగతి. సున్నా అనేది మంచు కరిగే హద్దు. ఆ హద్దు దాటి వేడెక్కితే మంచు కరగక తప్పదు, అందులో మినహాయింపు లేదు. కానీ నీళ్లు ఆ హద్దు దిగినంత మాత్రాన గడ్డకట్టి తీరాలనే రూలు లేదు. గడ్డకట్టవచ్చు అనే అనుమతి మాత్రమే దొరుకుతుంది. నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికలో అప్పుడప్పుడు కొన్ని కలిసి మంచులో ఉండే వరసలో కుదురుకుంటాయి. అలా కుదిరిన గుంపు చిన్నదైతే అందులో లోపలున్న వాటికంటే అంచున ఉన్నవే ఎక్కువ. అంచునున్నవి జారిపోతుంటాయి, గుంపు విడిపోతుంది. ఒక సైజు దాటిన గుంపు మాత్రమే నిలబడి పెరుగుతుంది. చలి ముదిరేకొద్దీ ఆ సైజు తగ్గుతూ వస్తుంది. మైనస్ 5 దగ్గర నీళ్లు తమంతట తాము ఆ సైజును అందుకోవడం జరిగే పని కాదు. మైనస్ 38 దగ్గరికి వచ్చేసరికి ఎంత శుద్ధమైన మబ్బు చుక్క అయినా తప్పించుకోలేదు. ఈ రెంటి నడుమ గడ్డకట్టాలంటే ఏదో ఒక గట్టి రేణువు ఆసరా కావాలి. దాని మీద అణువులు వరసగా సర్దుకుంటాయి, గుంపు పెద్ద సైజుకు సులువుగా చేరుతుంది.

ఇక బాటిల్‌కూ మబ్బుకూ ఉన్న తేడా. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే అసలు కీలకం ఇదే. నీ అరలీటరు బాటిల్‌లో పనికొచ్చే రేణువు ఒక్కటుంటే చాలు. అక్కడ మొదలైన మంచు బాటిలంతా పాకేస్తుంది. మబ్బులో నీళ్లు అట్లా ఒక్కచోట ఉండవు. మబ్బు చుక్క అడ్డకొలత మిల్లీమీటరులో 50వ వంతు, అంటే 20 మైక్రాన్ల వరస. నీ అరలీటరు నీళ్లను ఆ సైజు చుక్కలుగా విడగొడితే సుమారు 12 వేల కోట్ల చుక్కలు అవుతాయి. ఒక చుక్కలో పుట్టిన మంచు పక్క చుక్కకు పాకదు, మధ్యలో గాలి ఉంది. ఏ చుక్కకు ఆ చుక్కే సొంతంగా ఒక రేణువును సంపాదించుకోవాలి. అంతమందికి సరిపడా రేణువులు ఆకాశంలో ఎక్కడివి? మైనస్ 20 దగ్గర కూడా లీటరు గాలికి మంచు మొదలుపెట్టగల రేణువు ఒకటో రెండో ఉంటుంది, అంతే. అదే లీటరు గాలిలో మబ్బు చుక్కలు లక్షల్లో ఉంటాయి. అందుకే మీ పాప చెప్పింది అక్షరాలా నిజం.

దెబ్బకు ఎందుకు గడ్డకట్టిందంటే, కొట్టినప్పుడు నీళ్లలో సన్న బుడగలు పుట్టి ఠక్కున మూసుకుంటాయి, ఆ ఒత్తిడికి మంచు మొదలవుతుంది. లేదా మూత అంచున అంటుకున్న మంచు పలుకు ఒకటి రాలి నీళ్లలో పడి ఉంటుంది. నువ్వు చెప్పినట్టు పైనుంచి మొదలైందంటే రెండోదే అయి ఉండొచ్చని నా అంచనా. మెత్తగా ఎందుకుందో కూడా చెబుతా. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతాయి, గ్రాముకు 334 జౌళ్లు. మైనస్ 8లో ఉన్న బాటిల్‌లో పదో వంతు నీళ్లు గడ్డకట్టేసరికి ఆ వేడికి మిగతా బాటిలంతా సున్నాకు వచ్చేస్తుంది. ఇక అక్కడితో ఆగుతుంది. పదోవంతు మంచు, తొమ్మిది వంతుల నీళ్లు, అందుకే మెత్తన.

ఇది నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. థర్మామీటర్‌కు పేరు పెట్టుకున్న ఫారన్‌హీట్ గాజు బుడ్డిలో వాననీళ్లు పోసి మూసి చలిలో పెడితే గడ్డకట్టలేదనీ, కొన విరిస్తే గబాలున గడ్డకట్టిందనీ 1724లోనే రాశాడు.

ఇప్పుడు నా పని సంగతి. మా దగ్గరి పాత టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ తిరిగే) విమానాలకు రెక్క ముందు అంచు పొడవునా నల్లటి రబ్బరు తొడుగు ఉండేది. దాన్ని బూట్ అంటారు. లోపల గాలి గొట్టాలు. మంచు పట్టిందని తెలియగానే పైలట్ స్విచ్ వేస్తే గొట్టాలు ఉబ్బుతాయి, మంచు పెంకులుగా పగిలి గాలికి కొట్టుకుపోతుంది. ఆ రబ్బరుకు సూది మొన అంత చిల్లు పడినా గాలి నిలవదు. సబ్బు నీళ్లు రాసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని అడుగు అడుగూ చూసుకుంటూ పోవడం, దొరికినచోట గరుకు చేసి ప్యాచ్ వేయడం మా డ్యూటీ. అంత చాకిరీ ఎందుకంటే మబ్బులో ఉన్నది మంచు కాదు, నీళ్లు కాబట్టి. మంచు పలుకులైతే చాలావరకు రెక్కకు తగిలి ఎగిరిపోతాయి. సూపర్ కూల్డ్ చుక్క అలా పోదు. రెక్క తగలడమే దానికి కావలసిన ఆసరా, అక్కడికక్కడే అంటుకుని గడ్డకడుతుంది.

ఉత్తరాదిన చలికాలంలో దిగిన విమానం దగ్గరికి నిచ్చెన వేసుకుని పోతే మొదట కనిపించేది రెక్క మీద మంచు కాదు. యాంటెన్నా కమ్మీ మీద, వైపర్ బోల్టు మీద, ఉష్ణోగ్రత కొలిచే సన్న పుల్ల మీద తెల్లటి కుచ్చు, గాలికి ఎదురుగా ముందుకు పెరిగి ఉంటుంది. లావు వస్తువు ముందు గాలి దూరం నుంచే పక్కకు తప్పుకుంటుంది, చిన్న చుక్కలు కూడా గాలితో పాటు పోతాయి. సన్నటి వస్తువు దగ్గర గాలి ఆఖరి క్షణంలో తిరుగుతుంది, చుక్క తిరగలేక గుద్దుకుంటుంది. అందుకే పైలట్లు రెక్క కంటే ముందు వైపర్ బోల్టు వైపు చూస్తారు. గోరుతో గీకితే ఆ తెల్లమంచు పొడిపొడిగా రాలుతుంది, లోపలంతా గాలి. చుక్కలు చిన్నవై, చలి గట్టిగా ఉంటే తగిలిన క్షణమే గడ్డకట్టడం వల్ల అలా వస్తుంది. సున్నాకు దగ్గరలో పెద్ద చుక్కలు తగిలితే వ్యవహారం వేరు. అవి వెంటనే గడ్డకట్టవు, పలచగా వెనక్కి పారుతూ గడ్డకడతాయి. గాజు మాదిరి స్వచ్ఛంగా, గట్టిగా ఉంటుంది, గోరుకు లొంగదు. మాకు భయం దీంతోనే. 1994 అక్టోబరు 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 అనే ప్రయాణికుల విమానం కూలి 68 మంది పోయారు. పెద్ద సైజు సూపర్ కూల్డ్ చుక్కలు బూట్ దాటి వెనక్కి పారి, బూట్ అందుకోలేని చోట కట్టలా గడ్డకట్టాయి.

మీ నెత్తిమీద మైనస్ 20 ఉందా అన్నావు, ఉంది. నేల మీద 42 ఉంటే, పైకి లేచే పొడిగాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. మూడు కిలోమీటర్ల దగ్గర మబ్బు కట్టిందనుకో, అప్పటికి 12, 13కు దిగిపోయింది. మబ్బు లోపల ఆ దిగడం కాస్త నెమ్మదిస్తుంది, కిలోమీటరుకు ఆరు ఏడు డిగ్రీలు. ఐదు కిలోమీటర్ల దగ్గర సున్నా. ఎనిమిది దాటితే మైనస్ 20. మే నెలలో సాయంత్రం కమ్ముకొచ్చే ఉరుముల మబ్బు 12, 14 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. అంటే మీ షాపు ముందు రోడ్డు మీద తారు కరుగుతున్నా, దాని మీద ఐదు కిలోమీటర్ల పైన నీ ఫ్రీజర్ కంటే పెద్ద ఫ్రీజర్ ఉంది.

మేఘమథనం గురించి మాత్రం నాకంటే తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

బెళుగుప్ప

ఇవన్నీ సరే గానీ మా వైపు కరెంటు తీసే గాలిమర ఫ్యాన్లు పెట్టినప్పటి నుంచి వానలు పోయినాయి సామీ. మబ్బు వస్తుంది, ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి చెదిరిపోతుంది. మా కళ్లతో చూసినాం. దీనికి మీ సైన్సు ఏమంటుంది?

రిటైర్డ్ ఫిట్టర్, ప్రొద్దుటూరు

అన్నా, ఆ ఫ్యాను రెక్క కొస దాకా కలిపినా 150 మీటర్ల చిల్లర. మబ్బు అడుగు వానాకాలంలో కూడా కిలోమీటరు చుట్టుపక్కల ఉంటుంది, నేను చెప్పిన గడ్డకట్టే కథంతా ఐదు కిలోమీటర్ల పైన. ఆ ఫ్యాన్లు గాలి బాగా వీచే చోట చూసి పెట్టారు. పడమటి కనుమల్లో వాన దించేసుకుని ఇటు వచ్చే గాలి జోరుగా, పలచని మబ్బులతో పోతుంది. మబ్బు ఆగకుండా పోయేది ఆ గాలి వల్లే, ఫ్యాను తిరిగేదీ ఆ గాలి వల్లే. రెండూ ఒకేచోట కనిపిస్తాయి కాబట్టి ఒకటి రెండోదాన్ని చేస్తోందనిపిస్తుంది. ఆ భూముల లీజు డబ్బుల్లో ఎవరికి ఎంత అన్యాయం జరిగిందనేది వేరే గొడవ, దానిమీద నేను నీ పక్కనే ఉంటాను.

ఎస్కేయూ ఫిజిక్స్

ఫిట్టర్ అంకుల్ చెప్పింది చదువుతుంటే క్లాసులో సగం అర్థమైనవి ఇప్పుడు అర్థమయ్యాయి. మేఘమథనం గురించి నేను చెప్తాను. నేను వాతావరణ భౌతికశాస్త్రం స్పెషల్‌గా చదువుతున్నాను.

అక్కా, ఈ కథ నిజంగానే మీ షాపులో ఉన్నలాంటి పెట్టెలో మొదలైంది. 1946 జులైలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో విన్సెంట్ షేఫర్ పైకి తెరిచే డీప్ ఫ్రీజర్‌ తీసుకుని లోపల నల్లటి వెల్వెట్ గుడ్డ పరిచాడు. దాంట్లోకి ఊపిరి ఊదితే పొగమంచు కడుతుంది. లోపల మైనస్ 20 పైచిలుకు ఉన్నా ఆ పొగమంచు నీటి చుక్కలుగానే ఉండేది. ఒకరోజు పెట్టె చాలినంత చల్లగా లేదని డ్రై ఐస్ ముక్క వేశాడు. వేయగానే లైటు వెలుతురులో మెరుస్తూ లెక్కలేనన్ని మంచు పలుకులు. డ్రై ఐస్ మైనస్ 78, దాని పక్కన గాలి మైనస్ 40 కిందికి పోయి చుక్కలకు ఏ ఆసరా అక్కర్లేకుండా పోయింది. ఆ నవంబరులోనే ఆయన విమానంలో పోయి నిజం మబ్బులో డ్రై ఐస్ చల్లాడు. అదే ల్యాబ్‌లో బెర్నార్డ్ వానెగట్ ఇంకో దారి పట్టాడు. మంచులో అణువులు ఏ వరసలో ఉంటాయో దాదాపు అదే వరస ఉన్న పదార్థం కోసం వెతికి సిల్వర్ అయోడైడ్‌ను పట్టుకున్నాడు. అది మైనస్ 5, 6 నుంచే పని మొదలుపెడుతుంది.

కాబట్టి విమానం మబ్బును కొట్టదు. మబ్బులో చుక్కలు ఒకదానికొకటి గుద్దుకుంటూనే ఉంటాయి, అయినా గడ్డకట్టవు. విమానం ఇచ్చేది ఆ రేణువే.

ఒక మంచు పలుకు పుడితే వాన ఎలా వస్తుందన్నది దీనికంటే బాగుంటుంది. మంచు మీద, నీటి మీద ఆవిరి ఒత్తిడి ఒకటి కాదు. మైనస్ 10 దగ్గర నీటి చుక్కకు చాలీచాలని ఆవిరి మంచు పలుకుకు 10 శాతం ఎక్కువే. చుట్టూ లక్షల నీటి చుక్కలు, నడుమ ఒక్క పలుకు ఉంటే ఆవిరి దాని మీదికి చేరుతుంది. గాలిలో ఆవిరి తగ్గేసరికి చుక్కలు తమను తాము ఆవిరి చేసుకుని ఆ లోటు పూడుస్తాయి. చుక్కలు తరిగి పలుకు బలుస్తుంది. బలిశాక బరువెక్కి జారుతూ, దారిలో చుక్కల్ని అంటించుకుంటూ, సున్నా గీత దాటాక కరిగి మన మీద చినుకుగా పడుతుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకటి తయారు కావాలంటే పది లక్షల మబ్బు చుక్కలు పోగవ్వాలి. ఈ ఆలోచన 1911లో వెగనర్ రాశాడు, ఖండాలు జరుగుతాయన్న ఆయనే. దాన్ని వానకు ముడిపెట్టింది స్వీడన్ వాతావరణ శాస్త్రవేత్త బెర్గరాన్. 1922 ఫిబ్రవరిలో ఆయన ఓస్లో దగ్గర కొండ మీద ఉన్నప్పుడు అడవి దారిలో నడుస్తుంటే ఒక తేడా కనిపించింది. సున్నాకు పైన ఉన్న రోజుల్లో పొగమంచు దారి మీదికంతా దిగేది. మైనస్ 5, మైనస్ 10 ఉన్న రోజుల్లో చెట్ల నడుమ దారి ఖాళీగా ఉండేది. కొమ్మల మీద పేరుకున్న మంచే పొగమంచు చుక్కల్ని తినేస్తోందని ఆయనకు తట్టింది.

రేణువుల విషయానికొస్తే, ఎడారి దుమ్ములో మంచును ఎక్కువగా పుట్టించేది పొటాషియం ఫెల్డ్‌స్పార్ అని 2013లో ఒక ప్రయోగశాల పరిశోధన తేల్చింది. మన సీమ గ్రానైట్ బండల్లో గులాబీ రంగు పలుకులు కనిపిస్తాయే, ఎక్కువగా ఆ జాతి ఖనిజమే. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా అయితే ఇంకా ముందుంది, మైనస్ 2 దగ్గరే మొదలుపెట్టగలదు. మంచు చాలని స్కీయింగ్ కొండల మీద దాంతో తయారైన పొడిని వాడి మంచు కురిపిస్తారు.

మన దగ్గర పని చేస్తుందా అంటే, మబ్బును బట్టి. సిల్వర్ అయోడైడ్ పనికి రావాలంటే మబ్బులో సూపర్ కూల్డ్ నీళ్లుండాలి, అంటే మబ్బు ఐదు కిలోమీటర్లు దాటి ఇంకా పైకి ఎదగాలి. జూన్, జులైలో మన మీదుగా పరుగెత్తే మబ్బులు చాలావరకు అంత ఎత్తుకు రావు. వాటిలో వాన పడిందంటే చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని పడిందే, మంచుకు అందులో పాత్ర లేదు. అలాంటి వాటికి మబ్బు అడుగున ఉప్పు రజను వదులుతారు, చుక్కలు పెద్దవై తొందరగా కలవాలని. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు మనలాగే వానచాయలో (కొండలు వానను అడ్డుకున్న వైపున) ఉన్న సోలాపూర్ దగ్గర 2018, 2019లో ఈ పద్ధతినే పరీక్షించి, సుమారు 18 శాతం పెరుగుదల చెప్పారు. సిల్వర్ అయోడైడ్‌కు నాకు నచ్చే సాక్ష్యం 2017 జనవరిలో అమెరికాలోని ఐడహో కొండల మీద దొరికింది. విమానం ఏ వంకర దారిలో పోయిందో అదే వంకరలో రాడార్ తెర మీద మంచు గీత కనిపించింది. కానీ ఏ పద్ధతీ లేని మబ్బును తేలేదు. కరువు ఏడాదిలో ఆకాశం ఖాళీగా ఉన్నప్పుడు విమానం తిప్పితే డీజిల్ ఖర్చే... విమానానికి డీజిల్ కాదని అంకుల్ తిడతారేమో, పెట్రోలో ఏదో ఒకటి.

రిటైర్డ్ ఫిట్టర్, ప్రొద్దుటూరు

టర్బోప్రాప్‌కు పోసేది కిరోసిన్ జాతి ఇంధనం తల్లీ. తిట్టను లే.

ఒకటి కలుపుతాను. విమానం చల్లకుండానే మబ్బును గడ్డకట్టించగలదు. ప్రొపెల్లర్ రెక్క కొసల దగ్గర, రెక్క పైభాగాన గాలి ఒక్కసారిగా విచ్చుకుని ఇరవై డిగ్రీల పైన చల్లబడుతుంది. మైనస్ 15, 20లో ఉన్న పలచని సూపర్ కూల్డ్ మబ్బులోంచి విమానం పోతే అక్కడక్కడ మైనస్ 40 దాటి మంచు పలుకులు పుడతాయి. చుట్టూ ఉన్న చుక్కల్ని అవి తినేస్తాయి. ఓ గంటలో మబ్బుకు గుండ్రంగా పెద్ద బొక్క, దాని నడుమ వేలాడే మంచు తోక. ఫోన్‌లో తిరిగే 'ఆకాశంలో గ్రహాంతరవాసుల ద్వారం' ఫొటోల్లో చాలావాటి కథ ఇదే. మా మనవడు నాకు పంపినది కూడా అదే, ముగ్గురికి ఫార్వర్డ్ చేశాక నన్నడిగాడు.

నార్పల అరటి తోట

చదివాక నాకు రెండు అడగాలనిపించింది. మా అవ్వ చందమామకు వరదగుడి కడితే చూసి, గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అనేది. దాంట్లో ఏమన్నా ఉందా?

రెండోది కడుపుమంట. ఏప్రిల్‌లో గాలివానకు వడగండ్లు పడి గెలలు వేసిన తోట ఒరిగిపోయింది. ఆకు ఒక్కటి మిగల్లేదు, అన్నీ పేలికలు. నిమ్మకాయంత రాయి ఒకటి తెచ్చి కొడవలితో నడిమికి కోసి చూశాను. నడుమ పాలరంగు, దాని చుట్టూ అద్దం మాదిరి, మళ్లీ పాలరంగు, మళ్లీ అద్దం. ఇదెట్లా? హిమాచల్‌లో ఆపిల్ తోటల దగ్గర పెద్ద శబ్దం చేసే గన్ను పేల్చి వడగండ్లను ఆపుతారని ఒకాయన చెబుతున్నాడు. నలుగురం కలిసి కొందామా అని ఆలోచన.

ఎస్కేయూ ఫిజిక్స్

అన్నా, ముందు వరదగుడి. మీ అవ్వ రెండు వేరువేరు గుళ్లను చూసింది. పెద్ద గుడి 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. చేయి బారుగా చాపి వేళ్లు విప్పితే బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఉన్నంత. అది ఆరు పలకల మంచు పలుకుల్లో వెలుగు వంగితే వస్తుంది, అంటే పైన పలచని మంచు మబ్బు పరుచుకుందని. తుఫానో, పెద్ద వానమబ్బుల గుంపో వచ్చేముందు అలాంటి పొర ముందుగా వచ్చే మాట నిజమే, కానీ ప్రతి గుడి వెనకా వాన ఉండదు. చిన్న గుడి చందమామను ఆనుకుని ఎర్రటి అంచుతో ఉంటుంది, నీటి చుక్కల వల్ల వచ్చేది. తమాషా ఏమిటంటే ఆ చిన్న గుడి కట్టే మధ్య ఎత్తు మబ్బులు చాలాసార్లు సున్నాకు బాగా కింద ఉంటాయి. అంటే మిద్దె మీద పడుకుని సూపర్ కూల్డ్ నీళ్లను కళ్లతో చూసినట్టే.

మీరు రాయిని కోసి చూడటం నాకు భలే నచ్చింది. అంకుల్ వైపర్ బోల్టు మీద చూసిందీ రెక్క మీద చూసిందీ ఆ ఒక్క రాయిలో ఉన్నాయి. చలి ఎక్కువగా, నీటి చుక్కలు తక్కువగా ఉన్న చోట తిరిగినప్పుడు తగిలిన చుక్క వెంటనే గడ్డకట్టి, గాలి చిక్కుకుని పాలరంగు వస్తుంది. నీళ్లు దండిగా ఉన్న చోటికి పోతే గడ్డకట్టే వేడి బయటికి పోవడానికి టైం చాలదు, రాయి పైన తడి పొర పారుతూ నెమ్మదిగా గడ్డకట్టి అద్దం పొర వస్తుంది. అంత బరువును పైన నిలబెట్టాలంటే మబ్బులో పైకి లేచే గాలి సెకనుకు పాతిక, ముప్పై మీటర్లు ఉండాలి. ఏప్రిల్, మే ఎండలకు అలాంటి గాలి లేస్తుంది. జులై మబ్బుల్లో అంత ఊపు ఉండదు, చిన్న పలుకులు కట్టినా దిగేలోపు కరిగిపోతాయి.

గన్ను మాత్రం కొనకండి. శబ్దం వడగండ్లను ఆపుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఆ మబ్బులోనే ఉరుము ఉరుముతోంది కదా, దానికి ఆగనిది గన్ను శబ్దానికి ఆగుతుందా? ఆపిల్ తోటల వాళ్లు వేసే వలలు నిజంగా పని చేస్తాయి, కానీ అరటి ఎత్తుకు, ఎకరాల మీద అది మనకు తూగే ఖర్చు కాదు. పిలకలు పెంచే మడి మీద వేసుకోవచ్చు. గాలికి అడ్డుగా గట్టు వెంబడి అవిశె చెట్లు రెండు వరసలు పెంచితే ఒరిగిపోవడం కొంత తగ్గుతుంది, వడగండ్లకు మాత్రం అది మందు కాదు.

ఇంకొక్క మాట అన్నా. రాళ్లు పడుతున్నాయని గెలలకు గోనె కప్పడానికి తోటలోకి పోకండి. మెత్తటి మంచు గుండ్లు, సన్న పలుకులు సూపర్ కూల్డ్ నీళ్ల నడుమ ఒకదానికొకటి రాసుకున్నప్పుడే మబ్బులో కరెంటు పుడుతుంది. వడగండ్లు కట్టే మబ్బులో ఇవన్నీ దండిగా ఉంటాయి. ఫోన్‌కు పిడుగు మెసేజ్ వచ్చినా, ఉరుము వినిపించినా ఇంట్లోకో మూసిన వాహనంలోకో పోండి. పంపుసెట్టు మీద రేకుల చప్పరం లెక్కలోకి రాదు.